పందెం సొమ్ము – 9: పన్నీటి పళ్లెం, పొగాకు చెక్కు

కిందటి భాగంలో కారెంపూడి దాకా వెళ్లొచ్చాం. నాగమ్మ కోడి, బ్రహ్మనాయుడి కోడి బరిలో తలపడడం, ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్లు వలస పోవడం, గడువు తీరినా రాజ్యం తిరిగి రాక పల్నాడు రణభూమి కావడం చూశాం. ఆ పందెంలో ఒడ్డింది రాజ్యాన్ని. ఒడ్డిందెవరో, పోగొట్టుకున్నదెవరో చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

అది చదివి నల్లపాడు నుంచి ఒక పాఠకుడు ఫోన్ చేశారు. "కోడిపందెంలో డబ్బు ఎవరిదో నాకు తెలుసండీ. తిరనాళ్ల పోటీలకైతే మొదటి బహుమతి ఫలానా వారిదని మైకులో పదిసార్లు చెబుతారు. టీవీలో ఆ టెన్నిస్ వాళ్లకి కోట్లకు కోట్లు ఇస్తుంటారు గదా, ఆ సొమ్ము పెట్టే దాత ఎవరండీ?" అన్నారు. మంచి ప్రశ్న. దాని జవాబు వెతుక్కుంటూ లండన్ దగ్గర బయలుదేరినవాణ్ణి, అమెరికాలో హ్యూస్టన్ మీదుగా తిరిగి మన గుంటూరుకే వచ్చి చేరాను. ఆ దారి ఈ భాగంలో.

రోలరు రిపేరుకు పెట్టిన పోటీ

1877. లండన్ శివార్లలో వింబుల్డన్ అనే చోట ఒక క్లబ్బు. అక్కడి పెద్దమనుషులు ఆడేది క్రోకే, అంటే గడ్డి మీద కర్ర సుత్తితో బంతిని కొట్టే ఆట. కొత్తగా వచ్చిన లాన్ టెన్నిస్‌ని కూడా ఈమధ్యే పేరులో చేర్చుకున్నారు. గడ్డిని చదును చేసే పెద్ద రోలరు ఒకటి ఉండేది, గుర్రం లాగేది. అది పాడైంది. బాగు చేయించడానికి డబ్బు కావాలి, కాబట్టి ఒక పోటీ పెడదాం అనుకున్నారని ఆ క్లబ్బు చరిత్రలో చెప్పుకునే కథ.

ప్రవేశ రుసుము ఒక గినీ. గినీ అంటే ఒక పౌను మీద ఒక షిల్లింగు. 22 మంది పేర్లు ఇచ్చారు. మొదటి బహుమతిగా 12 గినీల విలువైన బంగారు బహుమానం, రెండోవాడికి 7 గినీల వెండిది, మూడోవాడికి 3 గినీలది. ఇవి కాక ‘ది ఫీల్డ్’ అనే పత్రిక వాళ్లు 25 గినీల వెండి కప్పు ఒకటి ఇచ్చారు. పాఠకుడు అడిగిన దాత ఎవరంటే, మొదటి ఏడాది ఒక పత్రిక, మిగతాది ఆడినవాళ్లే చెల్లించిన రుసుము. ఫైనల్ చూడడానికి ఓ రెండు వందల మంది తలా ఒక షిల్లింగు ఇచ్చి వచ్చారు. స్పెన్సర్ గోర్ అనే ఆయన 48 నిమిషాల్లో గెలిచాడు. ఖర్చులు పోను క్లబ్బుకు 10 పౌన్లు మిగిలాయి.

ఆడవాళ్లకు పోటీ పెట్టడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. 1884లో గెలిచిన మాడ్ వాట్సన్‌కు ఇచ్చింది వెండి పూలబుట్ట, విలువ 20 గినీలు.

కప్పు విషయంలో క్లబ్బుకు ఒక చేదు అనుభవం ఎదురైంది. వరసగా మూడేళ్లు గెలిచినవాడికి కప్పు శాశ్వతంగా సొంతం అన్నది అప్పటి నియమం. ఎవడు గెలుస్తాడులే అనుకున్నారేమో. విలియం రెన్షా అనే యువకుడు 1881 నుంచి 1883 దాకా గెలిచి ఫీల్డ్ వారి కప్పు ఇంటికి పట్టుకుపోయాడు. ఇంకో కప్పు చేయించారు. 1884 నుంచి 1886 దాకా మళ్లీ అతనే! రెండో కప్పూ వెళ్లిపోయింది. 1887లో 100 గినీలు పెట్టి మూడో కప్పు కొన్నప్పుడు క్లబ్బు తెలివి తెచ్చుకుంది: ఎన్నిసార్లు గెలిచినా ఈ కప్పు ఎవరి సొంతమూ కాదు. ఇవాళ ఛాంపియన్ తలపైకి ఎత్తి ముద్దు పెట్టుకునేది ఆ కప్పునే. బంగారు పూత పూసిన వెండి, మూర ఎత్తు, మూత మీద ఒక చిన్న అనాసపండు. ఆ ఫొటోల తరవాత అది క్లబ్బు బీరువాలోకి వెళ్లిపోతుంది. ఛాంపియన్‌కు దక్కేది చిన్న నకలు. పేర్లు చెక్కీ చెక్కీ 2009 నాటికి కప్పు మీద జాగా అయిపోతే, అడుగున వెండి పట్టీతో ఒక పీట చేర్చారు.

ఆడవాళ్లకు ఇచ్చేది కప్పు కాదు, పళ్లెం. 1864లో బర్మింగ్‌హామ్‌లోని ఎల్కింగ్టన్ కంపెనీ చేసిన వెండి పన్నీటి పళ్లెం అది. విందుల్లో చేతులు కడుక్కోవడానికి పన్నీరు పోసే రకం. 50 గినీలకు కొని 1886 నుంచి ఛాంపియన్‌కు అందిస్తున్నారు. దాని పేరులో వీనస్ ఉంది. ఆ పేరున్న అమ్మాయి ఒకతె తరవాత ఆ పళ్లేన్ని ఐదుసార్లు అందుకుంది. ఆమె సంగతి ముందుంది.

బల్ల కింద కవర్లు

ఇక డబ్బు. ఆ రోజుల్లో డబ్బు కోసం ఆడడం నామోషీ. పెద్దింటి పిల్లలు సరదాకి ఆడతారు. డబ్బు తీసుకుని ఆడేవాడు పనివాడి కింద లెక్క. అలాంటివాడికి వింబుల్డన్ గేటు తెరుచుకోదు. ఈ నియమం చూడడానికి ఎంత పవిత్రంగా ఉంటుందో, లోపల అంత కుళ్లు. ఆస్తి ఉన్నవాడికి ఆట ఉచితంగా దొరుకుతుంది. లేనివాడు ఏం తిని ఆడాలి? అందుకని టోర్నమెంట్ల వాళ్లు ప్రయాణ ఖర్చుల పేరు చెప్పి పేరున్న ఆటగాళ్లకు బల్ల కింద నుంచి కవరు అందించేవాళ్లు. అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తరు.

ఈ నాటకం నచ్చనివాళ్లు బయటికి నడిచారు. ఫ్రాన్స్ ఛాంపియన్ సుజాన్ లాంగ్లెన్ 1926లో అమెరికన్ వ్యాపారి ఒకాయనతో 50 వేల డాలర్ల ఒప్పందానికి సంతకం పెట్టింది. ఆ తరవాత బిల్ టిల్డెన్, యుద్ధం తరవాత జాక్ క్రేమర్. వీళ్ల బతుకు మన సురభి నాటక సమాజం వాళ్ల బతుకులాంటిది. చుట్టగా చుట్టిన కాన్వాస్ కోర్టును బండి మీద వేసుకుని, రాత్రికొక ఊళ్లో హాల్లో పరిచి, ఆట ముగించి, మళ్లీ చుట్టి, తెల్లారేలోగా ఇంకో ఊరికి. పాంచో గొంజాలెజ్ లాంటి మహా ఆటగాడు కూడా అలాగే ఏళ్ల తరబడి ప్రపంచానికి కనబడకుండా ఆడాడు.

1939 వింబుల్డన్‌లో ఒక విచిత్రం జరిగింది. లక్నో దగ్గర మలీహాబాద్‌లో పుట్టిన గౌస్ మహమ్మద్ క్వార్టర్ ఫైనల్‌కు చేరాడు. అంతదాకా వెళ్లిన మొదటి భారతీయుడు. అక్కడ అతనికి ఎదురుపడింది బాబీ రిగ్స్ అనే 21 ఏళ్ల అమెరికన్. పొట్టివాడు, గడుగ్గాయి. టోర్నమెంటుకు ముందే లండన్‌లో పందేల దుకాణానికి వెళ్లి, సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్ మూడూ తానే గెలుస్తానని 100 పౌన్లు కాశాడట. ఒకటి గెలిస్తే వచ్చింది తరవాతి దాని మీదికి పోయేలా మెలిక. గౌస్ మూడు వరుస సెట్లలో ఓడిపోయాడు. రిగ్స్ మూడు టైటిళ్లూ గెలిచాడు. అతను చెప్పుకున్న లెక్క ప్రకారం చేతికొచ్చింది 21,600 పౌన్లు. టోర్నమెంటు ఇచ్చింది మాత్రం డబ్బుగా సున్నా! ఆటగాడికి జీతం ఇవ్వడం పాపం, పందెం కాయడం మాత్రం పరవాలేదు. ఈ రిగ్స్‌ని గుర్తు పెట్టుకోండి.

మనవాళ్లలో ఈ కట్టుబాటుకు పెద్ద మూల్యం చెల్లించింది మద్రాసు రామనాథన్ కృష్ణన్. 1959లో జాక్ క్రేమర్ ఆయనకు మూడేళ్లకు లక్షన్నర డాలర్లు ఇస్తానన్నాడు. ఒప్పుకుంటే డేవిస్ కప్‌లో దేశం తరఫున ఆడే హక్కు పోతుంది. ఆయన కాదన్నాడు. 1960లో, 1961లో వింబుల్డన్ సెమీ ఫైనల్ ఆడాడు. లక్షన్నర డాలర్లంటే ఆనాటి మారకంలో ఏడు లక్షల రూపాయల పైమాట. త్యాగమనే అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం, మనిషి చేత ఆ ఎంపిక చేయించిన పద్ధతి మీదే కోపం వస్తుంది.

తలుపు తెరిచిన ఏడాది

వింబుల్డన్ ఛైర్మన్ హెర్మన్ డేవిడ్‌కు ఈ బూటకం మీద విసుగు పుట్టింది. 1967 ఆగస్టులో, బీబీసీ రంగుల ప్రసారాలు మొదలైన సందర్భంలో, సెంటర్ కోర్టులోకి ప్రొఫెషనల్ ఆటగాళ్లను పిలిచి పోటీ పెట్టారు. మొత్తం బహుమతి 45,000 డాలర్లు. జనం విరగబడ్డారు. జనం చూడాలనుకునేది మేటి ఆటగాళ్లనే గాని వాళ్ల ఆదాయ వివరాలను కాదని అందరికీ అర్థమైంది. ఆ డిసెంబరులోనే బ్రిటన్ టెన్నిస్ సంఘం పాత భేదాన్ని రద్దు చేసింది.

1968 ఏప్రిల్‌లో బోర్న్‌మత్ అనే సముద్రతీర పట్నంలో మొదటి ఓపెన్ టోర్నమెంటు. మగవాళ్లలో కెన్ రోజ్‌వాల్ గెలిచి 1,000 పౌన్లు పుచ్చుకున్నాడు. ఆడవాళ్లలో గెలిచిన వర్జీనియా వేడ్ ఇంకా అమెచ్యూర్‌గానే ఉంది కాబట్టి 300 పౌన్లు కాదంది. ఆ జూలైలో వింబుల్డన్ చరిత్రలో మొదటిసారి చెక్కులు రాశారు. రాడ్ లేవర్‌కు 2,000 పౌన్లు. బిల్లీ జీన్ కింగ్‌కు 750. అప్పటి లెక్కలో పౌనుకు 18 రూపాయలు. అంటే ఆయనకు 36,000, ఆమెకు 13,500. ఒకే గడ్డి, ఒకే కోర్టు.

అమెరికాలో ఇంకా తమాషా. అదే ఏడాది యూఎస్ ఓపెన్ గెలిచినవాడికి 14,000 డాలర్లు. గెలిచింది ఆర్థర్ ఆష్. సైన్యంలో లెఫ్టినెంటు, కాగితాల మీద అమెచ్యూర్. చెక్కు తీసుకోకూడదు. అతనికి దక్కింది రోజుకు 20 డాలర్ల బత్తెం. ఫైనల్లో ఓడిన టామ్ ఓకర్ 14,000 డాలర్లు జేబులో వేసుకుని వెళ్లాడు.

హ్యూస్టన్‌లో తొమ్మిదిమంది

తలుపు తెరుచుకుంది గాని లోపల రెండు వరసలు వేశారు. 1970లో లాస్ ఏంజిల్స్ టోర్నమెంటులో మగ విజేతకు 12,500 డాలర్లు, ఆడ విజేతకు 1,500. అక్కడి నిర్వాహకుడు ఎవరో కాదు, పాతరోజుల్లో కాన్వాస్ కోర్టు మోసిన జాక్ క్రేమరే. ఆకలి తెలిసినవాడు పక్కవాడి ఆకలి తీరుస్తాడని ఏమీ లేదు.

‘వరల్డ్ టెన్నిస్’ పత్రిక నడిపే గ్లాడిస్ హెల్డ్‌మన్ దగ్గరికి అమ్మాయిలు వెళ్లారు. ఆమె గట్టిపిండం. సెప్టెంబరులో హ్యూస్టన్‌లో ఆడవాళ్లకే విడిగా ఒక టోర్నమెంటు పెట్టింది. అమెరికా టెన్నిస్ సంఘం, ఆడితే బహిష్కరిస్తామంది. తొమ్మిదిమంది నిలబడ్డారు: ఏడుగురు అమెరికన్లు, ఇద్దరు ఆస్ట్రేలియన్లు. బిల్లీ జీన్ కింగ్, రోజీ కసాల్స్, 1968 వింబుల్డన్ ఫైనల్లో బిల్లీ జీన్ చేతిలో ఓడిన జూడీ అందులో ఉన్నారు. ఒక్కొక్కరు హెల్డ్‌మన్‌తో ఒక డాలరు ఒప్పందం మీద సంతకం పెట్టి, ఆ డాలరు నోటు చేత్తో పైకెత్తి ఫొటో దిగారు. సంఘం అన్నంత పనీ చేసింది, సస్పెండ్ చేసింది. మొదటి టోర్నమెంటు రోజీ కసాల్స్ గెలిచింది. మొత్తం బహుమతి 7,500 డాలర్లు.

అందులో 5,000 హెల్డ్‌మన్ సర్దింది. మిగతా 2,500 డాలర్లు ఇచ్చింది ఫిలిప్ మోరిస్ అనే సిగరెట్ల కంపెనీ. దాని పెద్ద జో కల్‌మన్ ఆమెకు స్నేహితుడు, టెన్నిస్ పిచ్చి ఉన్నవాడు. ఆడవాళ్ల కోసమే 1968లో వాళ్లు తెచ్చిన సన్నటి సిగరెట్టు పేరు ‘వర్జీనియా స్లిమ్స్’. టోర్నమెంటుకూ ఆ పేరే పెట్టారు.

ఇది స్నేహం కోసం చేసిన దానం మాత్రమే అనుకుంటే పొరపాటు. 1971 జనవరి 2 నుంచి అమెరికాలో టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనలు నిషేధం. ప్రకటనల కోసం కేటాయించిన కోట్ల డాలర్లు దారి వెతుక్కుంటున్నాయి. ప్రకటన వేయకూడదు, కాని సిగరెట్టు పేరే టోర్నమెంటు పేరైతే? వార్తలు చదివేవాడు తనంతట తానే ఆ పేరు పలుకుతాడు! 1971లోనే 19 టోర్నమెంట్ల సర్క్యూట్ తయారైంది, మొత్తం బహుమతులు మూడు లక్షల డాలర్ల పైచిలుకు. ఆ ఏడాది బిల్లీ జీన్ సంపాదన లక్ష డాలర్లు దాటింది. ఆటల్లో ఏ స్త్రీకీ అంతకుముందు రాని మొత్తం. అయితే ఆ లక్ష ఊరికే రాలేదు. ఆడేవాళ్లే ఊరూరా తిరిగి టికెట్లు అమ్మారు, పొద్దున్నే రేడియో స్టేషన్లకు వెళ్లి నాలుగు మాటలు చెప్పారు, పరాయి ఇళ్లలో అతిథులుగా పడుకున్నారు, సాయంత్రం ఆడారు.

మన ఆకు

వర్జీనియా అనే మాట వింటే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎవరికైనా గుర్తొచ్చేది టెన్నిస్ కాదు. మిర్చి టిక్కీలు, పత్తి బోరేలు నిండిన ఈ మైదానంలో మూడో పంట పేరది. నల్లపాడు జంక్షన్‌లో నడికుడి లైను, నరసరావుపేట లైను విడిపోతాయి. ఆ పట్టాల వెంట ఇప్పుడు కనబడేవి మిర్చి కోల్డ్ స్టోరేజీలు. ఆ రోజుల్లో గుంటూరు పట్నానికి ఘనత పొగాకు కంపెనీల గోదాములదే. కలకత్తాలో 1910లో పుట్టిన ఇంపీరియల్ టొబాకో కంపెనీ కోసం ఆకు కొనే సంస్థ ఐఎల్‌టీడీ, 1912 నాటికే గుంటూరు జిల్లాలో అడుగు పెట్టింది. 1920ల్లో వర్జీనియా రకం వచ్చింది. దానితోపాటు బ్యారన్లూ వచ్చాయి. మట్టిగోడల మధ్య గొట్టాల్లో వేడి పంపి, కర్రలకు కట్టిన ఆకును రోజుల తరబడి రాత్రింబగళ్లు కాపలా కాసి పండించడం. వేడి కాస్త ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే రంగు రాదు. గ్రేడు వేసే కూలి ఆడవాళ్ల చేతులకు ఆ జిగురు ఎంత కడిగినా పోదు. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం 1976 నుంచి గుంటూరులోనే ఉంది. 1985లో టంగుటూరు, కొండపి లాంటి ఊళ్లకు వేలం పద్ధతి వచ్చింది. అంతకుముందు ధర కంపెనీ గుమాస్తా నోట్లో ఉండేది.

అమెరికన్ అమ్మాయిల చెక్కుల్లో మన రైతు వాటా ఉందని నేను అనడం లేదు. ఫిలిప్ మోరిస్ సంగతి వేరు. కాని మన దేశంలో జరిగింది చూడండి. ఆ ఇంపీరియల్ కంపెనీయే తరవాత ఐటీసీ అయింది. మన వేలం కేంద్రాల్లో పెద్ద కొనుగోలుదారు అదే. 1997లో మద్రాసుకు అంతర్జాతీయ పురుషుల టోర్నమెంటు వచ్చినప్పుడు దాని పేరు ‘గోల్డ్ ఫ్లేక్ ఓపెన్’. గోల్డ్ ఫ్లేక్ ఐటీసీ వారి సిగరెట్టు. 1998లో పాట్రిక్ రాఫ్టర్ సింగిల్స్ గెలిచాడు. 1997 నుంచి వరసగా మూడేళ్లు డబుల్స్ పేస్, భూపతిలదే. నుంగంబాక్కం స్టేడియంలో వాళ్లకు అందిన చెక్కు మీద ఉన్న పేరు, ప్రకాశం జిల్లా రైతు ఆకు చేరుకునే పెట్టె మీది పేరు ఒకటే. మన పాఠకుడు అడిగిన దాతను వెతికితే నాకు దొరికిన జవాబు ఇది: కొన్నేళ్లపాటు ఆ దాతల వరసలో టంగుటూరు బ్యారన్ ముందు నిద్ర కాచిన రైతు కూడా ఉన్నాడు. మైకులో అతని పేరు చెప్పలేదంతే.

2001లో ఆటల స్పాన్సర్‌షిప్ నుంచి ఐటీసీ తప్పుకుంది. 2003లో సిగరెట్ ప్రకటనలను నిషేధించే చట్టం వచ్చింది. మద్రాసు టోర్నమెంటు టాటాల చేతికి వెళ్లింది. 2005లో కలకత్తాలో మహిళల టోర్నమెంటుతో ఐటీసీ మళ్లీ టెన్నిస్‌లోకి వచ్చింది. ఈసారి పేరు ‘సన్‌ఫీస్ట్ ఓపెన్’. బిస్కెట్టు!

సమానం అనిపించుకోవడానికి 34 ఏళ్లు

మళ్లీ అమెరికాకు. 1972 యూఎస్ ఓపెన్‌లో నస్టాసేకు 25,000 డాలర్లు, బిల్లీ జీన్‌కు 10,000. మరుసటి ఏడాది సమానంగా ఇవ్వకపోతే రానని ఆమె చెప్పేసింది. చెప్పి ఊరుకోలేదు, డబ్బు పెట్టేవాణ్ణి కూడా వెతికింది. చెమట వాసన పోగొట్టే డియోడరెంట్ కంపెనీ ఒకటి ముందుకొచ్చి తేడా పూడ్చింది. 1973లో మార్గరెట్ కోర్ట్‌కు, జాన్ న్యూకాంబ్‌కు చెరి 25,000. ఆ జూన్‌లోనే లండన్ హోటల్లో మహిళా క్రీడాకారుల సంఘం, అంటే ఇవాళ్టి డబ్ల్యూటీఏ పుట్టింది.

సెప్టెంబరులో పాత గడుగ్గాయి తిరిగొచ్చాడు. 55 ఏళ్ల బాబీ రిగ్స్, ఆడవాళ్ల టెన్నిస్ ఒక ఆటేనా అని సవాలు విసిరాడు. హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో లక్ష డాలర్ల పందెం. బిల్లీ జీన్ వరుస సెట్లలో మట్టి కరిపించింది. 1939లో పందెంతో బతికినవాడు 1973లో పందెంతోనే చరిత్రలో నిలిచాడు.

వింబుల్డన్ మాత్రం కదలలేదు. 2006లో కూడా ఫెదరర్‌కు 6,55,000 పౌన్లు, మోరెస్మోకు 6,25,000. తేడా 30 వేలు. అంత సంస్థకు ఆ 30 వేలు ఒక లెక్కా? లెక్క డబ్బుది కాదు, పట్టింపుది. వీనస్ విలియమ్స్ వెంటబడింది. 2005 ఫైనల్‌కు ముందురోజు పెద్దల సమావేశానికి వెళ్లి మాట్లాడింది. మరుసటి ఏడాది పత్రికలో రాసింది. 2007 ఫిబ్రవరిలో క్లబ్బు దిగొచ్చింది. ఆ జూలైలో 7 లక్షల పౌన్ల సమాన బహుమతి అందుకున్న మొదటి మహిళ వీనసే. పన్నీటి పళ్లెం అప్పటికి ఆమెకు నాలుగోసారి.

హైదరాబాదు అమ్మాయి, ఉయ్యూరు అబ్బాయి

2005 ఫిబ్రవరి 12న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియం ఆవరణలో 18 ఏళ్ల సానియా మీర్జా, ఉక్రెయిన్ అమ్మాయి అలోనా బొండరెంకోను మూడు సెట్లలో ఓడించింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ. మొత్తం బహుమతి నిధి 1,40,000 డాలర్లు. టోర్నమెంటు పేరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ పేరు చేరింది. సిగరెట్టు వెళ్లిన చోటికి సర్కారు వచ్చిందన్న మాట.

పదేళ్లకు, 2015 వింబుల్డన్ మహిళల డబుల్స్. మార్టినా హింగిస్‌తో కలిసి సానియా మూడో సెట్‌లో 2–5 వెనకబడి, చీకటి పడితే పైకప్పు మూసి దీపాలు వేశాక, 7–5తో గెలిచింది. జోడీకి 3,40,000 పౌన్లు, మన లెక్కలో మూడు కోట్ల ముప్పై లక్షల దాకా, ఇద్దరూ పంచుకోవాలి. అదే పక్షంలో సింగిల్స్ గెలిచినవాళ్లకు ఒక్కొక్కరికి 18,80,000 పౌన్లు. ఆడ, మగ తేడా పోయినా సింగిల్స్, డబుల్స్ తేడా అలాగే ఉంది. సానియా మొత్తం ఆట బహుమతుల సంపాదన 70 లక్షల డాలర్ల పైన. ఆ 2015లోనే ధర పడిపోయి ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఒకే ఏడాది పత్రికల్లో రెండు వార్తలూ చదివాం.

పైమెట్టు మీద ఉన్నవాళ్ల లెక్కలు చూసి టెన్నిస్ అంటే బంగారు గని అనుకోవద్దు. కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని ఆరడుగుల పైన మనిషి, తుపాకీ గుండులాంటి సర్వీసు. అతనిలాంటివాళ్లు అప్పట్లో ఏళ్ల తరబడి తిరిగింది 10,000 డాలర్ల చిన్న టోర్నమెంట్లు. వారమంతా ఆడి గెలిస్తే విజేతకు దక్కేది పదమూడు, పధ్నాలుగు వందల డాలర్లు. అందులోంచే రైలు, గది, రాకెట్ తీగలు, కోచ్. మొదటి రౌండులో ఓడితే చేతి చమురు వదిలేది. 2016లో సాకేత్ క్వాలిఫయింగ్ దాటి యూఎస్ ఓపెన్ ప్రధాన పోటీలోకి వెళ్లాడు. చెక్ ఆటగాడు వెసెలీతో ఐదు సెట్లు. కండరాలు పట్టేసి కుంటుతూ, ఐదో సెట్ 5–7. ఓడినా మొదటి రౌండు బహుమతి 43,313 డాలర్లు, దాదాపు 29 లక్షలు. చిన్న టోర్నమెంట్లు ముప్ఫై గెలిచినా రానంత! ఆ తలుపు దగ్గరికి చేరడమే అసలు ఆట.

పాత అమెచ్యూర్ గొడవ పూర్తిగా చచ్చిపోలేదు కూడా. నెల్లూరు నుంచి అమెరికా వెళ్లిన కుటుంబంలో పుట్టిన నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో చదువుతూ కళాశాల జట్టుకు ఆడాడు. అప్పటికి అక్కడి కళాశాల ఆటల్లో బహుమతి సొమ్ము తీసుకోవడం మీద ఆంక్షలుండేవి. 2024 చివర్లో చదువు ఆపి ప్రొఫెషనల్ అయ్యాడు. మరుసటి నెలలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచి, మిగతా మూడూ ఓడాడు. ఓడినవాడికి 1,32,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. 1968లో ఆష్ కాదనవలసి వచ్చిన చెక్కు ఇప్పుడు పంతొమ్మిదేళ్ల కుర్రాడు నిశ్చింతగా పుచ్చుకోగలుగుతున్నాడు.

2025లో వింబుల్డన్ మొత్తం బహుమతి 5 కోట్ల 35 లక్షల పౌన్లు; ఛాంపియన్లకు చెరి 30 లక్షలు, అంటే దాదాపు 35 కోట్ల రూపాయలు. మొదటి రౌండులో ఓడితే 66,000 పౌన్లు. యూఎస్ ఓపెన్ విజేతలకు చెరి 50 లక్షల డాలర్లు. ఇప్పుడు ఆ సొమ్ము పెట్టేది ప్రధానంగా టీవీ హక్కులు కొనే సంస్థలు, టికెట్లు కొనే జనం, పేరు తగిలించుకునే కంపెనీలు. రిమోట్ నొక్కే మన పాఠకుడు కూడా ఆ దాతల్లో ఒకడే. అయినా 2025లో మేటి ఆటగాళ్లు కలిసి నాలుగు పెద్ద టోర్నమెంట్లకు లేఖ రాశారు: మీకొచ్చే ఆదాయంలో మాకిచ్చే వాటా తక్కువ, పెంచండి. నా మట్టుకు నాకు వాళ్ల మాట న్యాయంగానే తోస్తోంది. పెంచే ప్రతి పౌనులో సగం పైవాళ్లకు కాక, మొదటి రౌండులో ఓడేవాళ్లకీ, క్వాలిఫయింగ్‌లో చెమటోడ్చేవాళ్లకీ చేరితేనే.

వచ్చే భాగంలో మన మైదానానికే తిరిగి వస్తున్నాం: ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పందేలు. జతకు ఎంత పెట్టుబడి, బండ ఎన్ని క్వింటాళ్లు, పాలపళ్ల విభాగం నుంచి సీనియర్ దాకా బహుమతులు ఎలా పెరిగాయి, గెలిచిన ఎడ్లకు సంతలో ధర ఎంత పలుకుతుంది, అన్నీ చూద్దాం. మీ ఇళ్లలో పాత పందేల కరపత్రాలు, బహుమతి పత్రాలు, ఎడ్ల జతల ఫొటోలు ఉంటే పత్రిక కార్యాలయానికి నకళ్లు పంపండి. అసలువి మీ దగ్గరే భద్రంగా ఉంచుకోండి.